ముందు ఆ పంటిలో మిగిలింది ఎంతో చూడండి

ప్రశ్న: నా వయసు 47. కింది దవడలో కుడివైపు మొదటి పెద్ద దవడ పంటికి చాలా ఏళ్ల కిందట వెండి రంగు ఫిల్లింగ్ వేయించుకున్నాను. రెండు నెలల కిందట ఏదో నములుతుంటే నాలుకవైపు గోడ విరిగి చేతిలోకి వచ్చింది. ఆ తర్వాత మూడు రాత్రులు సలుపుతో నిద్ర లేదు. నాలుగో రోజుకు నొప్పి దానంతట అదే తగ్గిపోయింది. ఇప్పుడు ఆ వైపు నమిలితే కొంచెం ఒత్తినట్లు ఉంటుంది, అంతే. ఒక వైద్యురాలు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేద్దామన్నారు. మరో వైద్యుడు ఎక్స్‌రే చూసి, ఈ పన్ను ఎక్కువకాలం నిలవదు, తీసేసి ఇంప్లాంట్, అంటే ఎముకలో లోహపు వేరు బిగించి దాని మీద కట్టే పన్ను, పెడితే జీవితాంతం ఉంటుందన్నారు. రూట్ కెనాల్ చేసిన పన్ను చచ్చిన పన్ను, దాన్ని నోట్లో ఉంచుకుంటే జబ్బులొస్తాయని మా ఆడపడుచు భయపెడుతోంది. నాకు షుగర్ ఉంది, మందులు వాడుతున్నాను. ఏది మంచిది? నొప్పి లేదు కాబట్టి కొన్నాళ్లు ఆగవచ్చా?

సమాధానం: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతావాటికన్నా తొందరగా జవాబు కావలసింది దానికే. ఆగకండి.

నొప్పి తగ్గడం మీకు ఊరట కలిగించింది. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికన్నా దిగులు పుట్టించిన వాక్యం అదే. పంటి మధ్యలో గుజ్జు ఉంటుంది. మనం నరం అని పిలిచేది దాన్నే, నిజానికి అందులో రక్తనాళాలు కూడా ఉంటాయి. దానికి చుట్టూ గట్టి గోడలు. ఒంట్లో మరెక్కడైనా వాపు వస్తే ఆ భాగం ఉబ్బుతుంది. ఇక్కడ ఉబ్బడానికి చోటు లేదు కాబట్టి లోపలే ఒత్తిడి పెరిగి సలుపు పెడుతుంది. పడుకున్నప్పుడు తలవైపు రక్తం ఎక్కువగా చేరడంతో రాత్రుళ్లు మరీ ఎక్కువవుతుంది. మూడు రాత్రులు మిమ్మల్ని నిద్రపోనివ్వకుండా చేసింది అదే అయి ఉంటుంది. నాలుగో రోజు హఠాత్తుగా నెమ్మదించిందంటే, చాలాసార్లు దానికి అర్థం గుజ్జు చచ్చిపోయిందని. చచ్చిన గుజ్జుకు నొప్పి తెలియదు. కానీ సూక్ష్మజీవులు అక్కడే ఉండి, వేరు కొసనున్న సన్నని రంధ్రం గుండా ఎముకలోకి దిగుతాయి. నమిలినప్పుడు ఇప్పుడు మీకు తెలుస్తున్న ఆ ఒత్తిడి బహుశా అక్కడి నుంచి వస్తున్నదే.

యాంటీబయాటిక్ మాత్రలు మింగి నెట్టుకురావచ్చనీ అనుకోకండి. చచ్చిన గుజ్జులోకి రక్తం వెళ్లదు, రక్తం వెళ్లని చోటికి మందూ వెళ్లదు. దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడానికి ఇబ్బంది, వీటిలో ఏది కనిపించినా ఈ చర్చంతా పక్కన పెట్టి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఊపిరి తీసుకోవడం కష్టమైతే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు.

ఇక 'ఏది మంచిది' అన్న సంగతి. ఇద్దరు వైద్యులు చెప్పిన రెండు చికిత్సలను మీరు త్రాసులో వేసి తూచుతున్నారు. ఆ తూకానికి ముందే తెలియవలసింది ఒకటుంది. పాత ఫిల్లింగునూ దాని కింద పుచ్చినదాన్నీ పూర్తిగా తీసేశాక, చిగురుకు పైన గట్టి పన్ను ఎంత మిగులుతుంది? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. అది ఎవరూ ఇంకా చూడలేదనే నాకనిపిస్తోంది. చూడకుండా ఉంచుదామన్నా, తీసేద్దామన్నా రెండూ అంచనాలే.

రెండో వైద్యుడు ఎక్స్‌రే చూశారు కదా అంటారేమో. ఎక్స్‌రే అంటే నీడ. బుగ్గవైపు గోడ, నాలుకవైపు గోడ ఒకదాని మీద ఒకటి పడి ఒకే నీడగా కనిపిస్తాయి. మీకు విరిగింది నాలుకవైపు. ఆ విరిగిన అంచు చిగురు దగ్గరే ఆగిందా, ఎముక దాకా దిగిందా అన్నది, బుగ్గవైపు గోడ నిలిచి ఉండగా ఆ నీడలో తేలడం కష్టం. వేరు కొస చుట్టూ ఎముక కరిగిందా, పక్క పంటితో ఆనే సందుల్లో పుచ్చు ఉందా, ఎముక ఏ ఎత్తులో ఉంది అన్నవి ఎక్స్‌రేలో చక్కగా తెలుస్తాయి. కాబట్టి అది కావాలి, కానీ తీర్పు చెప్పడానికి అదొక్కటే చాలదు.

చూడడం అంటే పంటిని తెరిచి చూడడం. మత్తు ఇచ్చి, పంటి చుట్టూ రబ్బరు పొర బిగించి, పాత ఫిల్లింగును తొలిచి తీస్తారు. దాని కింద గోధుమ రంగులో, తడిసి నానిన చెక్కలా మెత్తబడిన పదార్థం ఉంటుంది. దాన్ని చిన్న గరిట లాంటి పరికరంతో గీకి తీస్తారు. ఇక్కడ కన్ను కన్నా చెయ్యీ చెవీ ఎక్కువ పనిచేస్తాయి. పుచ్చిన భాగం మీద పరికరం చప్పుడు లేకుండా దిగబడుతుంది. గట్టి పన్ను తగలగానే కిర్రుమంటుంది. అంచుల చుట్టూ ఆ కిర్రు వినిపించేదాకా తీసుకుంటూ పోవాలి. అప్పుడు మిగిలినదే మీ పన్ను. మిల్లీమీటర్ల గీతలున్న సన్నని కొలబద్దతో చిగురు పైనున్న గోడ ఎత్తును చుట్టూ కొలవాలి. పంటి చుట్టూ ఇంచుమించు 2 మిల్లీమీటర్ల ఎత్తున, కనీసం 1 మిల్లీమీటరు మందాన గట్టి గోడ ఉంటే ఆ పంటి మీద పెట్టుబడి పెట్టవచ్చు. ఒకవైపు కొంత తగ్గినా మిగతా మూడు వైపులా బలంగా ఉంటే చాలా సందర్భాల్లో ముందుకు వెళ్లవచ్చు.

ఈ 2 మిల్లీమీటర్లు ఎందుకంటే, రోకలి కొస చీలిపోకుండా ఇనుప పొన్ను బిగిస్తారు చూడండి, పంటికి క్యాప్ చేసే పని అదే. పొన్ను పట్టుకోవడానికి గట్టి కర్ర ఉండాలి. కర్ర లేనిచోట పొన్ను ఎంత ఖరీదైనదైనా నిలవదు. గోడ ఏమీ లేకుండా వేరులోకి ఊచ దింపి, దాని మీద పన్ను కట్టి, ఆ పైన క్యాప్ వేసినవి కొన్నాళ్లకు ఊడి రావడమో, వేరునే చీల్చడమో జరుగుతుంటుంది. రూట్ కెనాల్ పాడైందని జనం చెప్పుకునే కథల్లో చాలావాటికి మూలం ఇదే. లోపల శుభ్రం చేసిన పని బాగానే ఉంటుంది, పైన కట్టడానికి పన్నే ఉండదు.

విరిగిన అంచు చిగురు కిందికి దిగి ఉంటే చిగురునూ కొద్దిగా ఎముకనూ సవరించి అంచును బయటికి తేవచ్చు. అయితే మీది కింది దవడ పన్ను, దానికి సాధారణంగా రెండు వేర్లు. మరీ కిందికి సవరిస్తే ఆ వేర్లు రెండుగా విడిపోయే చోటు బయటపడి, అక్కడ మురికి చేరి మరో బాధ మొదలవుతుంది. ఎంతవరకు వెళ్లవచ్చో కొలిచి చెప్పాలి తప్ప ఉత్సాహంతో చేసే పని కాదు.

గోడ ఎత్తు తర్వాత చూడవలసిన రెండోది బీట. గోడ విరిగిన పంటిలో మరోచోట కంటికి కనిపించని బీట ఉండవచ్చు. ఒక్కొక్క మొన మీద చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి కొరికిస్తారు. కొరికి వదిలేటప్పుడు చురుక్కుమంటే అక్కడ అనుమానించాలి. మీ గుజ్జు చచ్చి ఉంటే ఈ పరీక్షలో అంత స్పష్టత రాకపోవచ్చు. అందుకే తెరిచాక పక్కనుంచి బలమైన వెలుగు వేసి చూస్తారు. బాగున్న పంటిలో వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకు పాకుతుంది, బీట దగ్గర మాత్రం ఆగిపోతుంది. చిగురు చుట్టూ కొలబద్ద దింపి చూడడమూ ముఖ్యమే. ఆరోగ్యంగా ఉన్న చిగురులో అది 1 నుంచి 3 మిల్లీమీటర్ల వరకే దిగుతుంది. చుట్టూ అంతే దిగి, ఒకేఒక్క సన్నని చోట హఠాత్తుగా 8, 9 మిల్లీమీటర్లు దిగిందంటే వేరు నిలువునా చీలిందన్న అనుమానం బలపడుతుంది. అలా చీలిన వేరును అతికించే చికిత్స లేదు. అప్పుడు మొదటి వైద్యురాలి మాట కాదు, రెండో వైద్యుడి మాటే నిజమవుతుంది.

గోడ ఉండి, బీట లేకపోతే? అప్పుడు నేను పన్ను ఉంచుకోమనే చెబుతాను, గట్టిగానే చెబుతాను. మన పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య, మిల్లీమీటరులో ఐదో వంతు మందాన, సన్నని నారల పొర ఒకటి ఉంటుంది. పన్ను ఆ నారల మీద ఊయలలా వేలాడుతుంది. నోట్లో వెంట్రుక పడినా పంటికి తెలిసిపోతుంది కదా, ఆ తెలివి చాలావరకు ఆ పొరదే. పంటి కింద రాయి పడగానే దవడ ఠక్కున ఆగేది కూడా దానివల్లే. రూట్ కెనాల్‌లో తీసేది లోపలి గుజ్జును. ఈ పొర బయట ఉంటుంది, చుట్టూ ఎముక నుంచి రక్తం అందుకుంటూ బతికే ఉంటుంది. మీ ఆడపడుచు గారికి చెప్పవలసిన జవాబు కూడా ఇక్కడే ఉంది. రూట్ కెనాల్ అయిన పన్ను కుళ్లుతున్న శవం కాదు. లోపలి కాలువలను శుభ్రం చేసి, మూసి, బయటి కణజాలంతో ఒంటిలో భాగంగా ఉన్న పన్ను అది.

ఆమె భయం ఆమె కల్పించినదేమీ కాదు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పళ్లలోని సూక్ష్మజీవులే ఒంట్లోని నానారకాల జబ్బులకూ కారణమని వైద్యులే నమ్మి, లెక్కలేనన్ని పళ్లు పీకించారు. పీకినా ఆ జబ్బులు నయం కాలేదు. తర్వాతి పరిశోధనల్లో ఆ సిద్ధాంతం నిలవలేదు, కానీ భయం మాత్రం మిగిలిపోయింది. ఒంటికి నిజంగా హాని చేసేది శుభ్రం చేయకుండా వదిలేసిన పన్ను, అంటే ఈరోజు మీ నోట్లో ఉన్న స్థితిలోని పన్ను. పైగా మీకు షుగర్ ఉంది. నోట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది, షుగర్ అదుపు తప్పితే ఇన్‌ఫెక్షన్ తగ్గడం కష్టమవుతుంది.

ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నకు అంకెల్లో జవాబు ఉంది. అమెరికాలో దంత బీమా రికార్డుల ఆధారంగా 14 లక్షలకు పైగా పళ్లను పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, రూట్ కెనాల్ చేసిన పళ్లలో 97 శాతం 8 ఏళ్ల తర్వాత కూడా నోట్లోనే ఉన్నాయి. తీయవలసి వచ్చిన పళ్లలో 85 శాతానికి పూర్తి క్యాప్ లేదు. ఈ రెండో అంకెను దయచేసి గుర్తుంచుకోండి. దవడ పంటికి రూట్ కెనాల్ అయ్యాక నొప్పి పోయిందని క్యాప్ వేయించుకోకుండా ఏళ్లు గడిపి, నిలువునా చీలిన పన్నుతో తిరిగి వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ పంటికి క్యాప్ అలంకారం కాదు. రూట్ కెనాల్ ముగిశాక వారాల్లో జరగాలి, నెలలు దాటనివ్వకూడదు.

ఇంప్లాంట్ గురించి కూడా ఉన్నదున్నట్లు చెప్పాలి. అది గొప్ప చికిత్స. టైటానియం లోహంతో ఎముక విడదీయలేనంతగా కలిసిపోతుందని స్వీడన్ శాస్త్రవేత్త బ్రెనెమార్క్ గమనించి, 1965లో మొదటి రోగికి అమర్చారు. అప్పటి నుంచి లక్షలాది మందికి కోల్పోయిన నమిలే సుఖాన్ని అది తిరిగి ఇచ్చింది. కానీ 'జీవితాంతం' అన్న మాట ఏ వైద్యుడూ ఇవ్వదగ్గ హామీ కాదు. అమెరికాలోనే మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 196 ఇంప్లాంట్లనూ, రూట్ కెనాల్ చేసి పైభాగం కట్టిన 196 పళ్లనూ పోల్చి చూస్తే, రెండు వర్గాల్లోనూ విఫలమైనవి ఒకే శాతం, 6.1. నిలిచినా తర్వాత మళ్లీ ఏదో ఒక సవరణ అవసరమైనవి మాత్రం ఇంప్లాంట్లలోనే ఎక్కువ. ఇంప్లాంటుకు పుచ్చు రాదు, నిజమే. దాని చుట్టూ చిగురు వాచి, నొప్పి లేకుండానే ఎముక కరిగిపోయే జబ్బు రావచ్చు. షుగర్ అదుపులో లేనివారికీ, పొగ తాగేవారికీ, పూర్వం చిగుళ్ల జబ్బుతో పళ్లు పోగొట్టుకున్నవారికీ ఆ ముప్పు ఎక్కువ. నారల పొర ఉండదు కాబట్టి ఒత్తిడి నేరుగా ఎముక మీద పడుతుంది. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే అది చిన్న విషయం కాదు.

అందుకే నేను ఇంప్లాంటును పంటితో పోల్చను, పన్ను పోయాక మిగిలే ఖాళీతో పోలుస్తాను. ఖాళీ కన్నా అది ఎంతో మేలు. నిలబెట్టగలిగిన పన్ను కన్నా మేలని చెప్పడానికి నాకు ఆధారం దొరకలేదు. ఒక సౌలభ్యం కూడా గుర్తుంచుకోండి. ఈరోజు పన్ను ఉంచుకుని, పదేళ్లకో పదిహేనేళ్లకో అది పోతే అప్పుడు ఇంప్లాంట్ పెట్టించుకోవచ్చు. ఈరోజు తీసేస్తే మళ్లీ వెనక్కి పెట్టలేం.

అలాగని ఎలాగైనా ఉంచాలని పట్టుబట్టకూడదు. నా వృత్తిలో తొలినాళ్ల సంగతి ఒకటి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఒకాయన దవడ పంటి పక్కన కొలబద్ద 9 మిల్లీమీటర్లు దిగింది, ఒకేచోట. వేరు చీలిందని మనసులో తెలుస్తూనే ఉంది. ఆయన ఎలాగైనా పన్ను కాపాడండి అని బతిమాలారు, నాకూ తీయబుద్ధి కాలేదు. మందు మార్చాను, మళ్లీ శుభ్రం చేశాను, చూద్దామన్నాను. అలా రెండేళ్లు గడిచాయి. చివరికి తీసేసరికి బుగ్గవైపు ఎముక గోడ పూర్తిగా కరిగిపోయింది. తర్వాత ఇంప్లాంట్ పెట్టడానికి ముందు ఎముక పెంచే శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది, ఆయన నెలల తరబడి ఎదురుచూశారు. మొదటి రోజే తీసి ఉంటే ఆ బాధ ఉండేది కాదు. కాబట్టి వేరు చీలినా, గోడ ఏమీ మిగలకపోయినా, చుట్టూ ఎముక కరిగి పన్ను బాగా ఊగుతున్నా, తీయించుకోవడం ఓటమి కాదు. అప్పుడు ఆలస్యమే అసలు నష్టం.

తీయవలసి వస్తే మాత్రం పీకించుకుని వచ్చేయకండి, తర్వాత ఏమిటన్నది పీకే ముందే తేల్చుకోండి. పన్ను తీశాక మొదటి ఏడాదిలో అక్కడి ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గుతుంది, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. ఇంప్లాంట్ ఆలోచన ఉంటే ఆ మాట ముందే చెప్పండి. పంటిని ముక్కలు చేసి రెండు వేర్లనూ విడివిడిగా తీస్తే ఎముక గోడలు తక్కువగా దెబ్బతింటాయి. అవసరమైతే ఆ గుంటలో ఎముక పొడి నింపుతారు. గాయం మాని, ఇంప్లాంట్ ఎముకలో కలిసి, దాని మీద పన్ను వచ్చేసరికి మామూలుగా నెలలు పడుతుంది. బ్రిడ్జి, అంటే పక్క పళ్ల ఆధారంతో ఖాళీలో కట్టే పన్ను, సంగతీ అడగండి. అటూ ఇటూ ఉన్న పళ్లు చెక్కుచెదరకుండా ఉంటే వాటిని అరగదీసి బ్రిడ్జి కట్టడం నాకు ఇష్టం లేదు. వాటికి ఇప్పటికే క్యాప్‌లు ఉంటే మాత్రం అది మంచి మార్గమే. ఖాళీగా వదిలేయడమూ ఒక దారి, చివరి పన్ను అయి ఉంటే నేనే ఆ మాట అనేవాడినేమో. మీది నమిలే భారం ఎక్కువగా మోసే పన్ను. అది లేకపోతే పై పన్ను కిందికి దిగడం, వెనక పన్ను ముందుకు ఒరగడం మొదలుకావచ్చు.

ఇప్పుడు మీరు చేయవలసింది చెబుతాను. ఈ వారంలోనే రూట్ కెనాల్ ప్రత్యేకంగా చదివిన నిపుణుల దగ్గరికి వెళ్లండి. గత మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష ఫలితాన్నీ, వాడుతున్న మందుల చీటీనీ తీసుకెళ్లండి. ఎముకలు గుల్లబారకుండా వేసుకునే మందులు గానీ, రక్తం పలచబరిచే మాత్రలు గానీ వాడుతుంటే తప్పకుండా చెప్పండి, పన్ను తీయవలసి వస్తే వాటివల్ల జాగ్రత్తలు మారతాయి. వెళ్లగానే రూట్ కెనాల్ చేయండి అనో, తీసేయండి అనో అనకండి. 'ముందు పాత ఫిల్లింగ్ తీసి, శుభ్రం చేసి, మిగిలిన గోడ ఎంతుందో కొలిచి, బీట ఉందేమో చూసి చెప్పండి, ఆ తర్వాత నిర్ణయిద్దాం' అనండి. మంచి వైద్యులెవరూ ఆ మాటకు నొచ్చుకోరు. తెరిచాక పన్ను నిలవదని తేలితే ఆ రోజు చేసిన పని వృథా అయినట్లు కాదు, అది రోగనిర్ధారణ. తెరిచిన పంటి ఫొటో తీసి చూపించమని అడగండి, వాళ్లు చెప్పేది మీ కళ్లకూ కనిపిస్తుంది.

అప్పటిదాకా ఎడమవైపే నమలండి. చిగురు మీద మాత్రలు నలిపి పెట్టడం, లవంగనూనె పోయడం వద్దు, చిగురు కాలుతుంది. విరిగిన చోట బ్రష్ తగలకుండా వదిలేయకండి, మెత్తని బ్రష్‌తో అక్కడా నెమ్మదిగా తోమండి. కొలత చూశాక గోడ చాలినంత ఉంది, బీట లేదు అని చెబితే, రూట్ కెనాల్ తేదీతో పాటు క్యాప్ కొలతలు తీసే తేదీని కూడా ఆ రోజే ఖాయం చేసుకుని రండి.